ముందు చక్రం

మా అన్న ప్రభుదాసు కంటి ఆపరేషన్ కోసం ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వచ్చి మా ఇంట్లో పదకొండు రోజులు ఉన్నాడు. ఆయనకు ఉన్నది కుడికన్ను ఒక్కటే. ఎడమది పంతొమ్మిదో ఏటనే పోయింది. ఉన్న ఒక్కదానికీ శుక్లం ముదిరి, ఎదురుగా నిలబడిన మనిషిని గొంతును బట్టి పోల్చుకునే దాకా వచ్చినా నాకు కబురు పెట్టలేదు. పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే నేనే వెళ్లి తీసుకొచ్చాను. ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పిన రోజు ఇంటికి రాగానే గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్లి, అంకెలన్నీ ఒక్కొక్కటే పైకి చదివి, డెబ్బై ఏళ్ల మనిషి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం, సెలవులకు వచ్చిన నా మనవరాలు భోజనాల బల్ల మీద పాత పేపరు పరచుకుని ప్లాస్టిక్ విమానం బొమ్మ అతుకుతూ ఉంది. మామూలు విమానం కాదు, యుద్ధ విమానం. ముక్కలన్నీ విడివిడిగా డబ్బాలో వస్తాయి, కాగితంలో చెప్పినట్టు మనమే అతుక్కోవాలి. జిగురు వాసన ఇల్లంతా నిండింది. అన్న అటుగా నడుస్తుంటే ఆ పిల్ల, "పెద్దతాతా, ఆరేదాకా ఈ రెక్క పట్టుకోవా?" అంది. అన్న రెండడుగులు వెనక్కి వేశాడు. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "నాకు ఇయ్యొద్దు తల్లీ, ఇరిగిపోతాది," అని గోడవారగా నడుచుకుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు. మనవరాలు నవ్వి ఊరుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన ఎందుకు వెనక్కి జరిగాడో బతికున్నవాళ్లలో నాకొక్కడికే తెలుసు.

మా నాయన ఇదే నంద్యాలలో మిషన్ బడిలో లెక్కల మాస్టరు. మిషన్ కాంపౌండు గోడకు ఆనుకుని రెండు గదుల ఇల్లు ఇచ్చారు. తెల్లవారుజామున వేపపుల్లతో పళ్లు తోముకునే చప్పుడుతో మా రోజు మొదలయ్యేది. కీర్తన చదవడం, గడ్డం గీసుకోవడం, నీలిమందు పెట్టిన తెల్లచొక్కా తొడుక్కోవడం, అన్నీ ఒక వరుసలో జరగాలి. దువ్వెన ఎక్కడుండాలో అక్కడే ఉండాలి. చెప్పుల జత గడపకు తిన్నగా ఉండాలి. అమ్మ జొన్నరొట్టె కొట్టే చప్పుడు, పెనం మీద పిండి మాడే వాసన, రోట్లో ఊరిబిండి పచ్చడి నూరుతుంటే లేచే వేయించిన చెనక్కాయల వాసన, వీటన్నిటి మధ్యా మేము గుసగుసగానే మాట్లాడుకునేవాళ్లం. నాయన కళ్లద్దాలు సోడాబుడ్డి అద్దాలు. వయసులో వాయుసేనలో చేరాలని వెళితే కళ్లు పనికిరావని వెనక్కి పంపారట. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. కానీ ఆయన పెట్టె అడుగున ఒక లావుపాటి నోటుపుస్తకం ఉండేది. పేపర్లలో వచ్చిన విమానాల బొమ్మలన్నీ కత్తిరించి అందులో అతికించేవాడు. అరవై అయిదు యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు ఆ పుస్తకం నిండిపోయి రెండోది మొదలైంది.

సాయంత్రం ఆరింటికి కుటుంబ ప్రార్థన. చాప మీద మోకాళ్లూని, ఆ రోజు చేసిన తప్పు ఒకటి ఒక్కొక్కరం పైకి చెప్పాలి. తప్పు చేయలేదంటే నాయన ఒప్పుకునేవాడు కాదు. "తప్పు చెయ్యని మనిషి ఒక్కడే ఉండె, ఆయన్ను సిలువేసిరి. నువ్వేమన్నా ఆయనవా?" అనేవాడు. నేను చిన్నచిన్న తప్పులు అల్లి చెప్పడం తొందరగానే నేర్చుకున్నాను. చక్కెర నాకినాననీ, కీర్తన పాడుతూ ఆవులించాననీ చెప్పేవాణ్ణి. అవి దెబ్బలు పడేంత పెద్దవీ కావు, అబద్ధమనిపించేంత చిన్నవీ కావు. అన్నకు అల్లడం చేతకాదు. వాడు నిజంగా చేసింది నిజంగా చెప్పి నిజంగానే దెబ్బలు తినేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. వాడిది ఎడమచేతి వాటం. నాయన దృష్టిలో అదే వాడి మొదటి తప్పు. ఎడమ చేత్తో బలపం పట్టుకుంటే వేళ్ల కణుపుల మీద రూళ్లకర్ర పడేది. అట్లా కొట్టి కొట్టి కుడిచేత్తో రాయించాడు. దాంతో వాడి రాత కోడి కెలికినట్టు ఉండేది, ఆ రాతకు మళ్లీ దెబ్బలు.

కాంపౌండులో ఉండే తెల్లదొర కుటుంబం సొంత దేశానికి వెళ్లిపోతూ సామాన్లు పంచిపెట్టినప్పుడు, అందరూ కుర్చీలూ దుప్పట్లూ తెచ్చుకుంటే నాయన ఒక అట్టడబ్బా తెచ్చాడు. వాళ్ల అబ్బాయి తెరిచి, ఓపిక లేక వదిలేసిన విమానం బొమ్మ. డబ్బా మీద మబ్బుల మధ్య జెట్ విమానం, కింద హంటర్ అని పేరు. మన వాయుసేనలో కూడా ఉన్న విమానమే అని చెబుతుంటే నాయన గొంతు వణకడం అదే మొదటిసారి విన్నాను. మాకు తెలిసిన హంటరు అంటే కొరడా. అన్న నా చెవిలో, "ఇమానానికి గూడా అదే పేరు పెట్నారేందిరా," అన్నాడు. నాకు నవ్వాగలేదు. నాయన ఎందుకు నవ్వుతున్నావని అడిగాడు. అన్న అన్న మాట చెప్పేశాను. ఆ రోజు అన్నకు అన్నం లేదు.

లేత బూడిదరంగు ముక్కలు, చింతకాయలు కొమ్మకు అంటుకున్నట్టు సన్నటి ప్లాస్టిక్ కాడలకు అంటుకుని ఉండేవి. ప్రతి ముక్క పక్కనా ఒక అంకె. జిగురు ట్యూబు సగం ఎండిపోయి ఉంటే, నాయన గుండుసూదితో మూతి తెరిచి బియ్యపుగింజంత మాత్రమే తీసేవాడు. బడి వదిలాక ప్రార్థన దాకా, శనివారాలు మధ్యాహ్నం నుంచి, పడమటి కిటికీ వెలుతురులో పని జరిగేది. నాయన అంకె చెబుతాడు. మేము ఆ ముక్కను కాడ నుంచి బ్లేడుతో కోసి, అంచు రుద్ది, అందించాలి. అన్నకు ఒక ప్రత్యేకమైన నియమం ఉండేది. ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చోవాలి.

"ఆ చెయ్యి కింద ఏసుకోని కూసో. బయటికొచ్చిందంటే చూడు."

ఒంటి కుడిచేత్తో, అదీ వాటం లేని చేత్తో, గోరంత ముక్కను బ్లేడుతో కోసి అందించమంటే ఎవరి చేత అవుతుంది? ముక్కలు జారేవి. ఒకసారి రెక్క కొన చిట్లింది. నాయన అరిచేవాడు కాదు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, రూళ్లకర్ర అందుకునేవాడు. దెబ్బ అయ్యాక, "నీకు దేవుడు చేతులిచ్చినాడా, చీపురుకట్టలిచ్చినాడా?" అనేవాడు. ఆ తర్వాత నా వైపు చెయ్యి చాపేవాడు. నేను అందించిన ముక్క ఎప్పుడూ జారలేదు. పాడుచేసేవాడు పక్కనుంటే మామూలుగా చేసేవాడు కూడా గొప్పవాడవుతాడని నాకు అప్పుడే అర్థమైంది. ఆడుకునేటప్పుడు కాంపౌండు పిల్లల ముందు అన్న ముక్క జారవిడిచే తీరు, నాయన కళ్లద్దాలు తుడుచుకునే తీరు చేసి చూపించి అందరినీ నవ్వించేవాణ్ణి. అన్న కూడా నవ్వేవాడు. వాడు నవ్వుతున్నాడు కదా అని నాకు తప్పనిపించేది కాదు.

అట్లా నెలరోజులకు రెక్కలు, తోక, పొట్ట ఒక రూపానికి వచ్చాయి. ఇటువంటి విమానాన్ని మూడు చక్రాల మీద నిలబెట్టాలంటే ముక్కులో బరువు పెట్టాలట, లేకపోతే తోక మీద కూలబడుతుందట. చేపలు పట్టే గాలానికి కట్టే సీసపు గుండ్లు తెప్పించి నాయన ముక్కులో పోశాడు. బడి వార్షికోత్సవానికి పెద్దలంతా వస్తారనీ, అక్కడ బల్ల మీద ఈ విమానాన్ని నిలబెడతాననీ హెడ్మాస్టరుతో చెప్పేశాడు. ఆయన జీవితంలో నలుగురికీ చూపించాలనుకున్న వస్తువు అదొక్కటే.

ఒక శనివారం, పైలట్ బొమ్మను కుర్చీలో అతికించబోతుండగా, కాంపౌండులో ఎవరో పోయారని కబురొచ్చి నాయన లేచి వెళ్లాడు. జిగురు అప్పటికే బయటికి తీసి ఉంది, ఆరిపోతుంది. నేను పైలట్ను పట్టుకుని చూశాను. చిటికెన వేలి గోరంత మనిషి. నా చేతికి చెమట పట్టి అంటుకుపోయాడు. పెడితే వంకరగా పడ్డాడు. అన్న, "ఇట్లియ్యి," అని ఎడమచేతిని తొడ కింద నుంచి తీశాడు. అగ్గిపుల్ల కొనతో రవ్వంత జిగురు తీసి, పైలట్ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. కొంచెం కూడా వణకలేదు. తర్వాత దానిపై గాజులాంటి కప్పు పెట్టాడు. జిగురు మరక ఒక్కటి లేదు. వాడి ఎడమచెయ్యి నా రెండు చేతులకన్నా, నాయన రెండు చేతులకన్నా నేర్పున్న చెయ్యని ఆ నిమిషంలో నాకు తెలిసిపోయింది. వాడికి మాత్రం తెలియలేదు.

నాయన తిరిగొచ్చి వెలుతురులోకి ఎత్తి చూశాడు. "ఎవురు పెట్నారు ఇది?"

"నేనే నాయనా," అన్నాడు అన్న.

"ఏ చేత్తో?"

వాడికి అబద్ధం అల్లడం రాదని చెప్పాను కదా. "ఎడం చేత్తో," అని ఆ చెయ్యే ముందుకు చాపాడు, దెబ్బకు సిద్ధంగా. నేను కూడా దెబ్బ కోసమే చూస్తున్నాను. నాయన చాలాసేపు విమానాన్నే చూస్తూ ఉండి, "బాగుండాది," అన్నాడు. అంతే. ఆ తర్వాత మిగిలిన చిన్నముక్కలు వేసి ఉంచిన సాసరును తీసి అన్న చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గర పెట్టుకో. జాగర్త." నా పదకొండేళ్లలో నాయన నన్ను ఆ మాట అనలేదు. పనికొస్తావన్నట్టు చూశాడే గానీ, బాగుందని ఏనాడూ అనలేదు.

మరుసటి రోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక అన్న పెరట్లో నీళ్లు తోడుతుంటే, నేను అటక కింద వాడు దాచిన సాసరు తీశాను. ముందు చక్రాన్ని పట్టుకునే కాలు ఒకటి అందులో ఉంది, అగ్గిపుల్లలో సగం పొడవు. అది లేకపోతే విమానం నిలబడదని నాకు తెలుసు. తెలిసే తీశాను. తీసుకెళ్లి కట్టెలపొయ్యిలో వేశాను. క్షణంలో ముడుచుకుని, నల్లటి పొగ చిమ్మి పోయింది. అమ్మ చేట పట్టుకుని లోపలికొస్తూ ముక్కు ఎగబీల్చింది. "ఏం కాల్చినావ్ రా?" "దువ్వెన పన్ను అమ్మా, ఇరిగిపోయింటే," అన్నాను. అమ్మ ఇంకేమీ అడగలేదు.

సోమవారం సాయంత్రం నాయన చక్రాల పని మొదలుపెట్టాడు. వెనక చక్రాలు రెండూ అయ్యాక చెయ్యి చాపి అంకె చెప్పాడు. అన్న సాసరులో వెదికాడు. మళ్లీ వెదికాడు. వాడి మెడ మీద చెమట కారడం నేను పక్క నుంచి చూస్తూ ఉన్నాను. చాప దులిపారు. గది ఊడ్చి, ఆ దుమ్మంతా చేటలో పోసి అమ్మ చెరిగింది. దొరకలేదు.

"యాడ పారేసినావ్?"

"నేను పారెయ్యలే నాయనా. ఈడే ఉండె."

"ఈడే ఉంటే యాడికి పోతాది? రెక్కలొచ్చినాయా?" నాయన నా వైపు తిరిగాడు. "నువ్వేమన్నా చూసినావా?"

అప్పుడు కూడా చూడలేదని అంటే సరిపోయేది. నన్ను ఎవరూ అనుమానించలేదు. కానీ నేను, "నిన్న అన్న దాన్ని ఎడం చేత్తో పట్టుకోని బయట ఆడుకుంటాండె," అన్నాను. ఎడమచేత్తో అనే మాట కావాలనే కలిపాను.

నాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ రోజు కొట్టినట్టు అంతకు ముందెన్నడూ కొట్టలేదు. ఎడమ అరచేతిని గడప మీద పెట్టించి రూళ్లకర్రతో కొట్టాడు. అన్న మొదట్లో "నేను కాదు నాయనా" అన్నాడు. తర్వాత ఉత్త ఏడుపు. మధ్యలో ఒకసారి, "దారం కట్టి పైకప్పుకు ఏలాడదీస్తే చక్రాలతో పని లే గదా నాయనా, ఎగిరేటప్పుడు చక్రాలు లోపలికి పోతాయని నువ్వే చెప్తివి గదా," అన్నాడు. అంత ఏడుపులో వాడికి ఆ ఆలోచన వచ్చింది. దానికి ఇంకో నాలుగు పడ్డాయి. చివరికి, "నేనే పారేసినా. కాలవలో పారేసినా," అన్నాడు. దెబ్బలు ఆగాయి.

వంటింట్లో అమ్మ నా భుజం పట్టుకుని పొయ్యి దగ్గరికి లాగింది. దువ్వెన తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. పళ్లన్నీ ఉన్నాయి. అమ్మ కళ్లలోకి చూసి ఇక అయిపోయిందనుకున్నాను. అమ్మ గొంతు తగ్గించి, "నోరు మూసుకోని ఉండు. ఇప్పుడు చెప్తే నిన్ను సంపుతాడు. వాడెట్లాగూ దెబ్బలు తిన్యాడు," అంది. తర్వాత పసుపు, నూనె కలుపుకుని అన్న దగ్గరికి వెళ్లింది. ఆ మాట తర్వాత మా అమ్మ బతికిన ముప్పై ఏళ్లలో మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

వీధి కాలవలో వెదకమని నాయన అన్నను మూడు రోజులు కూర్చోబెట్టాడు. మోకాళ్ల దాకా బురద, పై నుంచి ఎండ, కాంపౌండు పిల్లలంతా చుట్టూ చేరి చూసేవాళ్లు. వాపు తగ్గని చేత్తో వాడు బురద పైకి తీసి, వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. నేను కూడా వాడి పక్కన కూర్చుని వెదికాను. "ఈడ చూసినావా అన్నా? ఆ రాయి కింద చూసినావా?" అని అడిగేవాణ్ణి. లేనిదాన్ని వెదుకుతున్నామని తెలిసి కూడా, వెదుకుతుంటే నాకు నిజంగానే ఆత్రంగా ఉండేది.

అంతటితో పోలేదు. ప్రతి సాయంత్రం ప్రార్థనలో అన్న చెప్పాల్సిన తప్పు ఇక అదొక్కటే అయింది. "నేను విమానం కాలు కాలవలో పారేసినాను. నాయన కష్టం పాడుచేసినాను. దేవా నన్ను క్షమించు." నాయన సరిగ్గా వినపడలేదంటే మళ్లీ చెప్పాలి. ఎట్లా పారేశావో చెప్పమంటే ఎట్లాగో చెప్పాలి. మొదటి వారం తడబడేవాడు. ఏ గట్టున నిలబడ్డాడో, అది నీళ్లలో పడ్డప్పుడు చప్పుడు ఎట్లా వచ్చిందో, రోజుకొకటి కలుస్తూ పోయింది. తర్వాత తర్వాత తడబాటు పోయింది.

నాయన వెదురుపుల్లతో కాలు చెక్కి పెట్టాడు. వార్షికోత్సవం నాడు ఇస్త్రీ గుడ్డ పరిచిన బల్ల మీద విమానం నిలబడింది. సైకిల్ షాపు నుంచి తెచ్చిన రంగులతో రెక్కల మీద మూడు రంగుల గుండ్రాలు నేనే వేశాను. అతిథిగా వచ్చిన పెద్దమనిషి వంగి చూస్తుండగా, ముక్కులోని సీసపు బరువుకు వెదురుపుల్ల పుటుక్కున విరిగింది. విమానం ముక్కు బల్లకు తగిలి, తోక పైకి లేచింది. "ఏంది మాస్టరూ, మీ ఇమానం నేలకు దండం పెడతాండాది?" అన్నాడాయన. బడి బడంతా నవ్వింది. నాయన కూడా నవ్వినట్టు ముఖం పెట్టాడు. ఇంటికొచ్చి కాగితం తీసుకుని ఆళ్లగడ్డలో ఉన్న మా మేనత్త మరియమ్మకు ఉత్తరం రాశాడు.

అత్త మొగుడికి ఆళ్లగడ్డ బయట సున్నపుబట్టీ ఉండేది. పిల్లలు లేరు. ప్రభుదాసును మా దగ్గరే ఉంచుకుని బడికి పంపిస్తాం, బట్టీ దగ్గర చేదోడుగా ఉంటాడు అన్నారు. బస్టాండులో అన్న రేకుపెట్టె మీద కూర్చున్నాడు. అమ్మ రొట్టెల మూట వాడి ఒళ్లో పెట్టి ముఖం తిప్పుకుంది. నాయన కండక్టరుతో, "ఆళ్లగడ్డలో దించు. ఈని చేతికి టికెట్టు ఇయ్యాకు, పారేస్తాడు," అన్నాడు. బస్సు కదిలే ముందు అన్న కిటికీలోంచి వంగి నాతో మెల్లగా, "కాలవలో ఇంగొకసారి చూడురా. దొరికితే నాయనకియ్యి. నన్ను పిలిపిస్తాడు," అన్నాడు. నేను సరే అన్నాను. తానే పారేశానని వాడు నిజంగానే నమ్మేశాడని నాకు అర్థమైంది. భయమేయలేదు. హాయిగా అనిపించింది. ఇక ఎవరూ అడగరు.

ఆ వారంలోనే నాయన విమానానికి దారం కట్టి నా చదువు బల్ల మీద వేలాడదీశాడు. అన్న చెప్పినట్టే. "ఇది నీకు," అన్నాడు.

వేసవి సెలవుల్లో నన్ను ఆళ్లగడ్డకు పంపేవాళ్లు. అన్న ఒక ఏడాది బడికి వెళ్లాడు, తర్వాత మానేశాడు. ఒళ్లంతా సున్నపు పొడి, వెంట్రుకలు ముసలివాడిలా తెల్లగా ఉండేవి. నేను వచ్చానంటే సంబరపడి ఊరంతా తిప్పేవాడు. రాళ్లు చెక్కే శిల్పుల పాకల దగ్గర మాత్రం ఎంతసేపైనా నిలబడేవాడు. ఒకసారి అక్కడి ముసలాయన ఒకరు, అన్న ఎడమచేత్తో రాతిముక్కను తిప్పి చూసే తీరు గమనించి, "రేపట్నుంచి రాప్పా, ఉలి పట్టుకునేది నేర్పిస్తా. నీ చేతిలో పనుండాది," అన్నాడు. అన్న ఆ రాయిని అక్కడే పెట్టేసి, "నాకొద్దు. నేను పట్టుకుంటే ఇరిగిపోతాది," అన్నాడు. ముసలాయన, "రాయి ఇరుగుతాదేందిరా?" అని నవ్వాడు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మనిషి బతుకు ఇంకోలా ఉండేదేమో. నేను ఆకలేస్తోంది పోదాం పద అన్నాను.

పంతొమ్మిదో ఏట, కాలిన సున్నం మీద నీళ్లు చల్లుతుంటే అది ఉడికి ఎగిరి కంట్లో పడింది. ఆముదం పోశారు, ఆకు పసరు పిండారు. నంద్యాలకు తెచ్చేసరికి కన్ను తెల్లగా ఉంది. నేను అప్పుడు కాలేజీలో ఉన్నాను. నాయన మంచం పక్కన నిలబడి కీర్తన చదివాడు. ఇంటికొచ్చాక అమ్మతో, "చేతులు సరిగా లేనోనికి సున్నం పని ఎవురు ఇమ్మన్నారు?" అన్నాడు. పంపింది తానేనన్న సంగతి ఆయనకు గుర్తే లేనట్టుంది. అమ్మ నా వైపు చూసింది. నేను పుస్తకంలోకి చూశాను. నాయన పోయినప్పుడు శవపేటిక పట్టుకుని అందరికన్నా ఎక్కువ ఏడ్చింది అన్నే.

ఇదంతా నేను దాచిపెట్టి బతికానని కాదు, దాచాల్సిన అవసరం రాలేదు. ఉద్యోగం, పెళ్లి, పుస్తకాలు, సభలు, ఎన్నో జరిగిపోయాయి. చిన్ననాటి గురించి ఎన్నో వ్యాసాలు రాశాను. ఊరిబిండి వాసన రాశాను, నాయన క్రమశిక్షణ గురించి గొప్పగా రాశాను. అన్న గురించి ఒక వాక్యం కూడా రాయలేదు. ఇప్పుడు నా మనవరాలు జిగురు బల్ల మీద ఒలకబోసినా ఎవరూ ఏమీ అనరు. ఎడమచేత్తో తింటుంది, ఎడమచేత్తోనే రాస్తుంది. కాలం మంచిదైందని నలుగురిలో చెబుతుంటాను. చెడ్డదాంట్లో నా వాటా ఎంతో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

అన్న వెళ్లడానికి రెండు రోజుల ముందు మనవరాలి విమానంలో ఒక చిన్న ముక్క కనిపించలేదు. "అరె, ఎక్కడ పడిందబ్బా," అని ఆ పిల్ల మామూలుగానే అంది. వరండాలో ఉన్న అన్న ఆ మాట విని లోపలికొచ్చి, తల వంచొద్దని డాక్టరు చెప్పినా వినకుండా, బల్ల కింద మోకాళ్ల మీద పడి చేతులతో నేల తడమడం మొదలుపెట్టాడు. "నేను ముట్టలే తల్లీ, నేను ఈ పక్కకే రాలే," అంటున్నాడు. పిల్ల బెదిరిపోయింది. "పోతే పోయిందిలే పెద్దతాతా," అని ఆయన్ను లేపబోయింది. నేను ఆయన జబ్బ పట్టుకుని లేపి వరండాలోకి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాను.

అప్పుడు చెప్పాను. పొయ్యి, పొగ, దువ్వెన, కాలవ పక్కన నేను వెదికినట్టు నటించడం, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన నా ముఖం వైపు శ్రద్ధగా చూశాడు. చివరికి నవ్వాడు.

"యాడన్నా కలగన్యావేందిరా? పొయ్యిలో ఏసేదేంది? నేనే గదా కాలవలో పారేసింది."

"లేదన్నా. దెబ్బలకు తాళలేక నువ్వట్లా అన్నావు."

"నాకు తెలీదారా? గట్టు మీద నిలబడి ఇసిరినా. బుడుక్కున మునిగె. ఆ సప్పుడు ఇప్పుడు గూడా నా చెవుల్లో ఉండాది." కుర్చీలో వెనక్కి వాలి, "నాయన మంచోడురా. ఊరికే కొట్టే మనిషి గాదు," అన్నాడు.

నేను అమ్మకు తెలుసన్నాను. అమ్మ నాతో అన్న మాట కూడా చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. వీధి వైపు తిరిగాడు. కొత్తగా చూపొచ్చిన కంటిలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకూడదని గుర్తొచ్చి చెయ్యి ఆపుకున్నాడు.

"నువ్వు చెప్పేది నిజమైతే," అన్నాడు, "నేను చెయ్యనిదానికి నన్ను ఆళ్లగడ్డకు తోలినట్టా? ఈ కన్ను ఊరికే పోయినట్టా? అమ్మకు తెలిసి గూడా ఊరుకున్నట్టా?"

ఆయనే తల అడ్డంగా ఊపాడు.

"అట్ల గాదులే. నేనే పారేసినా. నాకు బాగా గుర్తుండాది. ఈ వయసులో ఇట్లాంటివి పుట్టించి చెప్పద్దురా. ఇంగెప్పుడూ ఎవురితోనూ ఈ మాట అనాకు. బైబిలు తీస్కరా, దాని మీద చెయ్యి పెట్టి చెప్పు."

తెచ్చాను. చెయ్యి పెట్టి మాటిచ్చాను. మూడో రోజు బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఇది రాసి ఆ మాట తప్పాను. ఆళ్లగడ్డలో ఇప్పుడు ఆయన రోజూ టీ అంగట్లో కూర్చుని పేపరంతా వదలకుండా చదువుతున్నాడట. నా పేరు అచ్చులో కనబడితే పది మందికీ చూపించి, మా తమ్ముడు రాసింది అని పైకి చదివి వినిపిస్తాడట.